అమ్మమ్మ పాట వణుకుతోంది: పాత వాక్‌మన్ స్పీడు నిలబడటం లేదు, సాయం కావాలి

గోదారిగట్టు (రాజమండ్రి) | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మామయ్య 1989లో మస్కట్ నుంచి వస్తూ తెచ్చిన చిన్న క్యాసెట్ ప్లేయర్ ఒకటుంది. జేబులో పట్టేస్తుంది, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. (మా ఇంట్లో వాక్‌మన్ అనే అంటాం కానీ అది సోనీది కాదు. అప్పట్లో అన్నీ వాక్‌మన్‌లే కదా.) చాలా ఏళ్లు బీరువాలో పడి ఉంది. ఈమధ్య తీస్తే లోపల బెల్టు తారులా కరిగిపోయింది. ఊళ్లో ఒకాయన 300 తీసుకుని కొత్త బెల్టు వేసిచ్చాడు. తిరుగుతోంది, కానీ పాట ఊగుతోంది.

అసలు దాన్ని బయటికి తీసింది ఒక్క క్యాసెట్ కోసం. 1991 వేసవిలో మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు, ఇంట్లో టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసినది) పెట్టి రికార్డు చేసినవి. సి-60, అంటే గంట క్యాసెట్. ఆవిడ గొంతు ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. ఇప్పుడు పెడితే నీళ్లలోంచి పాడుతున్నట్టుంది, సైడు చివరికొచ్చేసరికి మరీ సాగిపోతోంది. వచ్చే నెల అమ్మకి 70 నిండుతాయి, ఆ రోజు వినిపిద్దామని నా తాపత్రయం. స్పీడు సరిచేసే స్క్రూ ఏదో ఉంటుందట. తిప్పెయ్యనా?

కోఠీసోల్డర్ (హైదరాబాద్) | 9:31

తిప్పకండి అన్నా. ఆ స్క్రూ స్పీడు పెంచడానికి, తగ్గించడానికి. మీ సమస్య స్పీడు ఎక్కువో తక్కువో కాదు, నిలకడ లేకపోవడం. ఊగేదాన్ని ఎంత తిప్పినా ఊగుతూనే ఉంటుంది. పైగా అసలు ఎక్కడుండేదో గుర్తు కూడా పోతుంది.

ముందు రెండు పనులు చేయండి. ఒకటి, అమ్మమ్మ క్యాసెట్ బయటికి తీసి పక్కన పెట్టండి. బాగుపడని మిషన్లో ఉన్న ఒక్క క్యాసెట్ పెట్టి పరీక్షలు చేయొద్దు, రీలు చుట్టుకుందంటే అంతే. రెండు, క్యాసెట్ వెనక అంచున మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. విరక్కొట్టి ఉన్నాయా చూడండి, లేకపోతే ఇప్పుడే విరక్కొట్టండి. రేపు వేరే టేప్‌రికార్డర్లో పెట్టినప్పుడు ఎవరైనా పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు.

తుప్పుమరక | 9:40

బెల్టుకి 300 ఆ? మా హాస్టల్లో పచ్చళ్ల పొట్లానికి చుట్టిన రబ్బరు బ్యాండ్ వేసేవాళ్లం. గాయకులందరూ కొంచెం తాగినట్టు పాడేవారు, అంతే తేడా.

రబ్బరుబెల్టు (బెంగళూరు) | 10:05

గోదారిగట్టు గారూ, "ఊగుతోంది" అంటే సరిపోదు. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో చెప్పండి. రోగం పేరు అందులోనే ఉంటుంది.

క్యాసెట్లో రీలు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఆ వేగాన్ని నిర్ణయించేది కాప్‌స్టన్, అంటే హెడ్డు (రీలు మీది పాటని చదివే భాగం) పక్కన నిలబడి తిరిగే సన్నటి ఇనప కడ్డీ. దాన్ని రబ్బరు రోలర్ నొక్కి పట్టుకుంటుంది, మధ్యలోంచి రీలు పోతుంది. జేబు ప్లేయర్లలో కడ్డీ మందం 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క చుట్టుకి 6.28 మి.మీ. రీలు నడుస్తుంది కాబట్టి సెకనుకి దాదాపు ఏడున్నర చుట్లు. వణుకు సెకనుకి ఏడెనిమిది సార్లుంటే కాప్‌స్టన్ దగ్గరో, దానికింద బెల్టుతో తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్ దగ్గరో తప్పుంది. రబ్బరు రోలర్ 8 మి.మీ. ఉంటే సెకనుకి సుమారు రెండుసార్లు. క్యాసెట్లోని రీలు చుట్ట ఒక్కసారి తిరగడానికి ఖాళీగా ఉన్నప్పుడు ఒకటిన్నర సెకను, నిండుగా ఉన్నప్పుడు మూడు సెకన్ల పైన పడుతుంది. అంత నెమ్మదిగా ఊగితే తప్పు ప్లేయర్ది కాకపోవచ్చు, క్యాసెట్దే కావచ్చు. బెల్టు లెక్కకి దాని పొడవూ, ఫ్లైవీల్ వెడల్పూ కావాలి.

సాగదీసి వాయించే వేణువో వీణో ఉన్న పాత క్యాసెట్ ఏదైనా పెట్టి, ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్లోకి ఎక్కించండి. ఆడాసిటీలో (ఆడియో సాఫ్ట్‌వేర్) నెమ్మదిగా వింటూ లెక్కపెట్టండి.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 11:20

కోఠీసోల్డర్ గారూ, ముక్కలు విరిచేశాను. (అన్నట్టు నేను అన్నని కాదు, అక్కని.)

వేణువు క్యాసెట్ దొరికింది. దాంట్లోనూ ఊగుతోంది కాబట్టి ప్లేయర్లో తప్పు ఖాయం. పది సెకన్లలో 29 లెక్కపెట్టాను. దానిమీద ఇంకో సన్నటి వణుకు కూడా ఉంది, గొంతులో కఫం ఉన్నప్పటి గరగరలా. అది లెక్కకి అందలేదు.

కోఠీసోల్డర్ | 11:48

అక్కా, మాఫ్ చేయండి.

సెల్స్ సంగతేమిటి? వోల్టేజ్ చూసేటప్పుడు ప్లేయర్ తిరుగుతుండాలి. ప్లేయర్ ఆపి ఉంటే నీరసించిన సెల్ కూడా దాదాపు నిండుగానే చూపించొచ్చు. స్ప్రింగు మీద పచ్చటి పూత ఉందా కూడా చూడండి. ఏళ్ల తరబడి సెల్స్ లోపలే ఉండిపోతే కారి స్ప్రింగుని తినేస్తాయి. అప్పుడు కొత్త సెల్స్ వేసినా మోటారుకి చేరేసరికి కరెంటు సన్నబడిపోతుంది. పుల్లకి దూది చుట్టి వెనిగర్లో ముంచి తుడవండి, తరవాత స్పిరిట్‌తో. ఆరాకే సెల్స్ వేయండి.

గోదారిగట్టు | మధ్యాహ్నం 1:15

ఆపి ఉంటే 3.1 వోల్టులు, తిరుగుతుంటే 2.3! పూత ఉంది. తుడిచాక తిరుగుతుంటే 2.9 వస్తోంది. సైడు చివర సాగడం చాలావరకు పోయింది. ఊపు మాత్రం అలాగే ఉంది.

రబ్బరుబెల్టు | 1:40

చాలావరకు పోయింది అంటే మిగిలింది బెల్టు పట్టు. సైడు చివర రీలు లాగడానికి ఎక్కువ బలం కావాలి, ఎడమ చుట్ట చిన్నదైపోతుంది కదా. బెల్టు జారేదైతే అక్కడే బయటపడుతుంది. విప్పక తప్పదు.

స్క్రూడ్రైవర్ జాగ్రత్త. జపాన్ మిషన్ల స్క్రూలు చూడ్డానికి మన ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ గాడి కొంచెం వేరు. మామూలు ప్లస్ డ్రైవర్ జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) డ్రైవర్ అని అడిగి తీసుకోండి. అయస్కాంతం ఉన్న డ్రైవర్ని హెడ్డు దగ్గరికి తీసుకెళ్లకండి.

డల్లాస్‌డబ్బా (టెక్సస్) | 7:55

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇప్పుడే తెల్లవారింది. నా దగ్గర ఇలాంటివి 14 ఉన్నాయి (మా ఆవిడ లెక్కలో 14, నా లెక్కలో 9, మిగతావి విడిభాగాలు). ముక్కుతో కూడా ఒకసారి చూడండి. బోర్డు మీద కుళ్లిన చేప వాసన వస్తుంటే కెపాసిటర్లు కారాయని అర్థం. 80ల చివరి నుంచి వచ్చిన చాలా మోడళ్లలో ఉపరితలానికి అతికించే బుల్లి కెపాసిటర్లు వాడారు. మోటారు వేగాన్ని కాపాడే సర్క్యూట్‌లో అవి కారితే బెల్టు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు. కాకపోతే ఆ తప్పు ఇలా లెక్కగా సెకనుకి మూడుసార్లు రాదు, పిచ్చిపట్టినట్టు ఎప్పుడు పడితే అప్పుడు పరిగెడుతుంది. నేనూ బెల్టునే అనుమానిస్తాను.

టేపులతాత (విశాఖ) | రాత్రి 9:05

అమ్మా, నేను రేడియో స్టేషన్లో టేపులతో ముప్ఫై ఏళ్లు వేగినవాణ్ణి. మీరు రెండు పనుల్ని కలిపేస్తున్నారు. మామయ్యగారి ప్లేయర్ బాగుచేసుకోవడం ఒక పని, అమ్మమ్మగారి గొంతు దాచుకోవడం ఇంకో పని. రెండోదానికి ఇంట్లో స్టీరియోల కింద పెట్టే పెద్ద క్యాసెట్ డెక్ కావాలి. దాంట్లో ఫ్లైవీల్ బరువుగా ఉంటుంది, చిన్నచిన్న తడబాట్లను మింగేస్తుంది. జేబు ప్లేయర్లో అరచేతిలో ఇమడాలని దాన్ని బిళ్లలా పలచన చేశారు. నడుస్తూ వినడానికి చేసిన వస్తువు, ఎక్కించుకోవడానికి కాదు. చుట్టుపక్కల ఎవరింట్లోనైనా డెక్ ఉందేమో అడగండి.

తుప్పుమరక | 9:18

తాతగారూ, 2 వేలు పెడితే ఆన్‌లైన్లో కొత్త ప్లేయరే వస్తోంది కదా?

టేపులతాత | 9:26

వస్తోంది నాయనా. ఒకటి తెప్పించి చూశాను. నీ రబ్బరు బ్యాండే నయం.

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 10:02

డెక్ కోసం అడుగుతున్నాను. ఈలోగా ప్లేయర్ విప్పాను. చేతులు వణికాయి, కానీ విప్పాను.

బెల్టు చతురస్రంగా ఉంది, ఒక చోట మెలిక పడి ఉంది. ఫ్లైవీల్ గాడి మాత్రం చదునుగా, వెడల్పుగా ఉంది. అసలు సంగతి ఏమిటంటే పాత బెల్టు తారుని తుడవకుండానే కొత్త బెల్టు వేసేశారు! ఫ్లైవీల్ అంచున మూడుచోట్ల నల్లటి గడ్డలు. మోటారు పుల్లీ మీద కూడా జిగురు. దారం చుట్టి బెల్టు దారి కొలిచాను: 196 మి.మీ. ఫ్లైవీల్ గాడి దగ్గర వ్యాసం 24 మి.మీ.

రబ్బరుబెల్టు | 10:30

దొరికింది దొంగ. 24 మి.మీ. ఫ్లైవీల్ సెకనుకి ఏడున్నర చుట్లు తిరిగితే బెల్టు సెకనుకి సుమారు 570 మి.మీ. నడుస్తుంది. దాన్ని 196తో భాగించండి: 2.9. మీరు లెక్కపెట్టింది పది సెకన్లకి 29! ఆ మెలిక పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మగారు ఒకసారి తూలుతున్నారు. రెండో సన్నటి వణుకు ఫ్లైవీల్ మీది గడ్డలది, పుల్లీ మీది జిగురుది.

చదును గాడికి చదును బెల్టే వేయాలి. పొడవు, దారం కొలత కన్నా ఓ 5, 6 శాతం తక్కువ తీసుకోండి, 185 దగ్గర. మరీ బిగువైతే మోటారు బుష్ (ఇరుసు తిరిగే గుంట) అరుగుతుంది, ఊపు ఇంకోరకంగా వస్తుంది. కొనేటప్పుడు మోసపోకండి. కొందరు చుట్టుకొలత రాస్తారు, కొందరు వ్యాసం రాస్తారు, కొందరు బెల్టుని నొక్కి సగం పొడవు రాస్తారు. 185 చుట్టుకొలత అంటే వ్యాసం 59. నేను ఒకసారి 59 చుట్టుకొలతది తెప్పించుకున్నాను. ఉంగరంగా పెట్టుకోవచ్చు.

కోఠీసోల్డర్ | 10:41

బెల్టు ఇక్కడ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, రేపు అటే పోతున్నా. దొరికితే పోస్టులో పంపిస్తా, అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. ఇక్కడ రాయొద్దు. లేదంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో చచ్చిన ప్లేయర్లు కుప్పలుగా ఉంటాయి కానీ వాటి బెల్టులూ తారే.

ఆ తారు చేతికి అంటితే వారం పోదు, గ్లవ్స్ వేసుకోండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్లలు, ఓపిక. నెయిల్ పాలిష్ తీసే ద్రావకం ప్లాస్టిక్‌ని తినేస్తుంది, దాని జోలికి పోకండి. రబ్బరు రోలర్‌ని కూడా ఆల్కహాల్‌తోనే తుడవండి.

టేపులతాత | 10:58

రోలర్‌కి ఆల్కహాల్ వద్దు. మా దగ్గర హెడ్డుకీ కాప్‌స్టన్‌కీ స్పిరిట్, రబ్బరుకి సబ్బునీళ్ల చుక్క. స్పిరిట్ రబ్బరుని ఎండబెట్టి పగలగొడుతుంది.

కోఠీసోల్డర్ | 11:04

తాతగారూ, ఇరవై ఏళ్లుగా ఆల్కహాల్‌తోనే తుడుస్తున్నా, ఒక్కటీ పగల్లేదు.

టేపులతాత | 11:09

ఇరవై ఏళ్లలో ఒక్క రోలర్‌నే రెండుసార్లు తుడిచి ఉండవు నువ్వు. గిరాకీ వెళ్లిపోయాక పగిలితే నీకెలా తెలుస్తుంది?

కోఠీసోల్డర్ | 11:15

అదీ నిజమే.

డల్లాస్‌డబ్బా | మంగళవారం, ఉదయం 6:20

మధ్యేమార్గం: తడి మెరుపు మిగలకుండా ఒక్కసారి ఆల్కహాల్‌తో తుడిచి వదిలెయ్యండి. రోలర్ అద్దంలా మెరుస్తుంటే పట్టు పోయినట్టే, అప్పుడు ఏది రాసినా ఒకటే. విప్పారు కాబట్టి కాప్‌స్టన్ కడ్డీ బయటికి లాగి, ఎండిన నూనె తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, సూది మొనతో. రెండో చుక్క వేశారంటే అది బెల్టు మీదికి పాకి మళ్లీ మొదటికొస్తుంది.

గోదారిగట్టు | మరుసటి ఆదివారం, సాయంత్రం 5:45

కోఠీసోల్డర్ గారి బెల్టు శుక్రవారం చేరింది. డబ్బులు పంపుతానంటే వద్దన్నారు, పూతరేకులు పంపిస్తున్నాను.

తారు తుడవడానికి రెండు గంటలు. నూనె ఒక్క చుక్కే. రోలర్‌కి సబ్బునీళ్లు (తాతగారూ, మీ మాటే). వేణువు క్యాసెట్ పెట్టాను. నిలబడింది!! సెకనుకి మూడు ఊపు లేదు, గరగర లేదు. పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను.

తరవాత అమ్మమ్మ క్యాసెట్ పెట్టాను. చాలా బాగుపడింది, కానీ ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి బాగా నెమ్మదిగా, రెండు సెకన్లకోసారి తేలికగా వంగుతోంది. రెండోది వేగంగా, సెకనుకి ఐదారుసార్లు. వేణువులో ఈ రెండూ లేవు.

రబ్బరుబెల్టు | 6:10

రెండు సెకన్లది క్యాసెట్ చుట్టదే. ముప్ఫై ఏళ్లు కదలకుండా ఉంటే రీలు పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చుట్ట ఎగుడుదిగుడుగా డబ్బాకి రాసుకుంటుంది. కిటికీలోంచి చూడండి, తెల్లటి బూజుంటే ఆగండి. గోదావరి తేమకి అది మామూలే, కానీ ఆ క్యాసెట్ తిప్పితే ప్లేయర్ నిండా అంటుకుంటుంది. బూజు లేకపోతే పెన్సిలుతో మొత్తం ఇటు చివరికీ అటు చివరికీ నెమ్మదిగా చుట్టండి. విసుగు పుడుతుంది, కానీ ఈ చిన్న ప్లేయర్ రివైండ్‌ని నేను నమ్మను.

గోదారిగట్టు | రాత్రి 8:30

బూజు లేదు. పెన్సిలు కన్నా రెనాల్డ్స్ పెన్ను బాగా పట్టింది. రెండు వైపులా చుట్టడానికి ఒక సినిమా అయిపోయింది. నెమ్మది ఊపు దాదాపు పోయింది. సెకనుకి ఐదారుసార్లది మాత్రం ఉంది.

డల్లాస్‌డబ్బా | 9:00

కాప్‌స్టన్ వంగిందేమో?

రబ్బరుబెల్టు | 9:08

వంగితే వేణువు కూడా వణకాలి, అదీ ఏడున్నరసార్లు. ఇది రికార్డయినప్పుడే ఎక్కి ఉండాలి. ఆ టూ ఇన్ వన్ తడబడి ఉంటే ఆ తడబాటు రీలు మీద అచ్చయిపోతుంది, ఇప్పుడు ఎంత మంచి డెక్‌లో పెట్టినా వస్తుంది.

టేపులతాత | 9:30

ఇంకోటి మరిచిపోతున్నారు. అప్పటికి ఆవిడ వయసెంతమ్మా?

గోదారిగట్టు | 9:33

68.

టేపులతాత | 9:52

మనిషి గొంతు కంపించేది కూడా సెకనుకి ఇంచుమించు ఐదారుసార్లే. అది మిషన్ వణుకో, మనిషి వణుకో తేల్చడానికి ఒక దారి ఉంది. హారతి అన్నారు కదా, చివర గంట మోగించారా? గంటకి వయసు లేదు. కొట్టాక దాని స్వరం తిన్నగా నిలబడి ఆరిపోతుంది. గంట మోత హెచ్చుతగ్గులవడం వేరు, అది గంట గుణం. స్వరం పైకీ కిందికీ వణుకుతోందా అని వినండి. గంట కూడా వణికితే టూ ఇన్ వన్ తప్పు. గంట నిలబడి గొంతు వణికితే, మీరింక ఏమీ బాగుచేయనక్కర్లేదు.

కోఠీసోల్డర్ | 9:58

వాహ్.

రబ్బరుబెల్టు | 10:11

టూ ఇన్ వన్ కరెంటు మీద నడిచి ఉంటే వెనకాల సన్నగా గుయ్‌మనే మోత ఎక్కి ఉంటుంది. 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు), దాని రెట్టింపు 100. ఆడాసిటీ స్పెక్ట్రోగ్రామ్‌లో (స్వరాల్ని గీతలుగా చూపే బొమ్మ) 100 దగ్గర గీత తిన్నగా ఉంటే నెమ్మది ఊపు కూడా లేనట్టే. దాన్ని చూసి స్పీడు కూడా పెట్టేసుకోవచ్చు.

టేపులతాత | 10:25

గీత వంకర చూడ్డానికి పనికొస్తుంది, స్పీడు పెట్టడానికి మాత్రం వద్దు. 1991లో మన దక్షిణాది గ్రిడ్‌లో 50 ఎక్కడ ఉండేది? వేసవి సాయంత్రాలు 48 చిల్లరకి కూడా జారేది. ఆ లెక్కన సరిచేస్తే ఆవిడ శ్రుతి మూడు, నాలుగు శాతం తప్పుతుంది. ఆరు శాతం అంటే అర స్వరం. స్పీడుకి వాళ్ల అమ్మగారి చెవే కొలత.

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 9:40

మూడో హారతి చివర గంట ఉంది. ఇరవైసార్లు విన్నాను. నిలబడింది. 100 దగ్గర గీత కూడా తిన్నగానే ఉంది, నాకు కనిపించినంతలో.

పుట్టినరోజు దాకా ఆగలేకపోయాను. అమ్మకి ఇయర్‌ఫోన్స్ పెట్టేశాను. ఊగుతున్నప్పటిదీ ఇప్పటిదీ రెండూ వినిపించి, ఇంకా కొంచెం వణుకుంది అన్నాను. అమ్మ రెండోది మధ్యలో ఆపి, "వణుకేమిటే, అమ్మ 'జయ' దగ్గర ఎప్పుడూ అలాగే తిప్పేది, నేను ఎన్నిసార్లు పట్టుకుందామన్నా నాకు రాలేదు" అంది. స్పీడు సంగతి అడిగితే, కాస్త పైకి ఉంది, అమ్మది ఇంకా కింద గొంతు అంది. కాబట్టి కోఠీసోల్డర్ గారూ, ఆ స్క్రూ ఇప్పుడు తిప్పాలి!

కోఠీసోల్డర్ | 9:55

తిప్పండక్కా, ఇప్పుడు తిప్పొచ్చు. ముందు స్కెచ్ పెన్నుతో పాత చోటు గుర్తు పెట్టుకోండి. వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అయ్యాక వేణువు క్యాసెట్‌కి మళ్లీ గుర్తు దగ్గరికి తెచ్చేయండి.

డల్లాస్‌డబ్బా | 10:20

ఈ స్పీడు తప్పు టూ ఇన్ వన్‌ది అయితే ప్లేయర్ని ముట్టుకోనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి కంప్యూటర్లో స్పీడు మార్చుకోండి. నేనైతే అలాగే చేస్తాను. ప్లేయర్ స్పీడు సరిగ్గా ఉందో లేదో, కంపెనీ క్యాసెట్ ఒకటి పెట్టి అదే పాట ఇప్పటి డిజిటల్ కాపీతో పోల్చితే తెలుస్తుంది.

గోదారిగట్టు | 10:31

ఇది నాకు నచ్చింది. స్క్రూ జోలికి పోను. అన్నట్టు పక్క వీధిలో డెక్ ఉందట, వాళ్లు అమెరికా నుంచి వచ్చేది సంక్రాంతికి. అప్పుడు తాతగారు చెప్పినట్టు ఇంకోసారి ఎక్కిస్తాను.

కొత్తచెవి | మూడు వారాల తరవాత

అందరికీ హాయ్, ఈ చర్చ మొత్తం చదివాను, సూపర్. నా ప్లేయర్లో ఒకవైపు చెవిలోనే వినబడుతోంది. అది కూడా బెల్టేనా?

రబ్బరుబెల్టు | అదే రోజు

కాదు. ఇయర్‌ఫోన్ పిన్ను కొంచెం తిప్పి చూడండి, రెండో చెవి వచ్చి పోతుంటే సాకెట్ టాంకా (సోల్డర్ అతుకు) వదిలింది. మిగతాది కొత్త చర్చ మొదలుపెట్టి అడగండి.